ఒంటిగోడ పక్కన దొరికిన మనిషి

సోమశిల కాడ ఎండాకాలం నీళ్ళు వెనక్కి పోయినప్పుడు, రిజర్వాయరు అడుగు నుంచి ఒక గోడ బయటపడతాది. ఒకటే గోడ. ఆ ఇంటికి మిగిలిన మూడు గోడలూ ఎప్పుడో కరిగిపోయినాయి. పాత ఊరు మునిగినప్పటి నుంచి ఇదొక్కటే అట్టా నిలబడి ఉండాది, మధ్యలో కిటికీ బొక్కతో.

ఒంటిగోడ అంటే చాలు, ఆ చుట్టుపక్కల మాట మార్చేస్తారు. పొద్దు గూకినాక ఆ దారిన పోతే వెనక నుంచి పేరు పెట్టి పిలుస్తాదంట. పలికితే... అంతే. మిట్టమధ్యాన్నం ఎండలో కూడా గొర్రెలు దాని నీడకి పోవంట. వలలు ఆరేసుకునేదానికి పోయిన ఒకాయన అక్కడే పడి చచ్చిపోయినాడు. గుండెపోటు అన్నారు. ఊళ్ళో వాళ్ళు మాత్రం ఆ మాట నమ్మలా.

నేను మాత్రం ఇవన్నీ నమ్మేవాణ్ణి కాదు. ఆత్మకూరు బస్టాండు పక్కన నాది సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు. మొన్న ఎండాకాలం పోయినాక సుజన అనే ఆమె పగిలిన ఫోను తెచ్చి నా ముందర పెట్టింది.

"అన్నా, ఫోను పోయినా పర్లా. లోపల మా ఆయన గొంతుండాది. అది మాత్రం పోకూడదు."

ఆ ఫోను బాగయ్యే లోపల ఆమె చెప్పిందే ఇది. నేను కలిపింది ఏమీ లేదు.

సుజన మొగుడు దయాసాగర్. చేపలు పట్టేవాడు. ఉదయగిరిలో ఇంటరు దాకా చదివినాడు. మనిషికి ఒకటే పిచ్చి... ఫోనులో వికీపీడియా తెరిచి వింత వింత సంగతులు వెతకడం. పడవలో కూర్చుని చదివేవాడు. వల లాగతా చదివేవాడు. చదివింది తెలుగులో తన మాటల్లో చెప్పి, వాయిస్ మెసేజ్ చేసి ఇంటోళ్ళ గ్రూపులో పెట్టేవాడు. తల తెగినాక కూడా ఏడాది పైగా బతికిన కోడి. ఒక్క రాత్రిలో విషగాలి వదిలి చుట్టుపక్కల ఊళ్ళనే చంపేసిన చెరువు. ముసలిదై మళ్ళీ పసిదయ్యే సముద్రపు జీవి... ఏ రోజు వింత ఆ రోజే.

గ్రూపులో సగం మంది వినేవాళ్ళే కాదు. ముందుగా వినేది మాత్రం హెన్రీ.

హెన్రీ సుజన తమ్ముడు. నాయన చిన్నప్పుడే పోతే, సుజనే వాణ్ణి చంకనేసుకుని పెంచింది. "బావా, ఈ రోజు నెత్తుటి కత ఏదన్నా చెప్పు" అని అడిగి మరీ చెప్పించుకునేవాడు. బావ పక్కన పడవెక్కి పని నేర్చుకున్నాడు. ఆ తర్వాత చెడు సావాసం పట్టి, వల మానేసి, తోటాలతో చేపలు పట్టడం మొదలుపెట్టినాడు. క్వారీల్లో రాళ్ళు పేల్చే తోటాలు. నీళ్ళలో పేలిస్తే పిల్లచేపతో సహా తేలి పైకొస్తాయి.

ఆ పనిలోనే హెన్రీ స్నేహితుడొకడికి అరచెయ్యి ఎగిరిపోయింది. అయినా వీడు మానలా.

ఒక ఆదివారం ప్రార్థన ముగిసి జనం చర్చి బయటికొస్తా ఉన్నారు. హెన్రీ బండికి తగిలించిన సంచిలో తోటాలుండడం దయాసాగర్ కంటబడింది. అంతమంది ముందర హెన్రీ చెంప పగలగొట్టినాడు.

"ఇంకొక్క శబ్దం వినబడిందంటే నేనే పోయి పోలీసులకు చెప్తా. బామ్మర్దివని చూడను!"

పెదవి చిట్లి నెత్తురొచ్చింది. హెన్రీ తిరిగి చెయ్యెత్తలా. అక్క వైపు ఒక చూపు చూసి, బండి తీసుకుని వెళ్ళిపోయినాడు.

ఆ చూపు తనకి ఇంకా మరపు రాలేదంటాది సుజన.

ఆ వారంలోనే ఒక మధ్యాన్నం దయాసాగర్ గ్రూపులో ఏదో పెట్టినాడు. సుజన ఎండుచేపలు తిరగేస్తా ఉండి, తర్వాత వినొచ్చులే అనుకుంది. పొద్దు వాలతా ఉండగా నీళ్ళ వైపు నుంచి... డమ్మని శబ్దం.

దయాసాగర్ అన్నం ముందర నుంచి లేచినాడు.

"ఏమయ్యా, చీకటి పడతా ఉండాది. ఆ గోడ దారిన పోబాక" అనింది సుజన.

"దెయ్యం కనబడితే దానికీ ఒక వింత చెప్పొస్తాలే" అని నవ్వి, చెప్పులేసుకుని పోయినాడు.

చీకటి పడింది. మనిషి రాలా. ఫోను మోగతా ఉండాది... ఎత్తడం లేదు.

దయాసాగర్ అన్న మస్తానయ్య, ఇంకా కొంతమంది కలిసి టార్చిలైట్లు తీసుకుని పోయినారు. సుజనా వాళ్ళ వెనకే పోయింది. అడుగు తీసి అడుగేస్తే ఎండిన బురద పెచ్చులు పెచ్చులుగా విరగతా ఉండాది. ఎవరూ గట్టిగా పిలవడం లేదు. ఆ గోడ దగ్గర పేరు పెట్టి పిలవాలంటే భయం.

కిటికీ బొక్క కింద... బోర్లా పడి ఉన్నాడు.

మస్తానయ్య తిప్పి చూసినాడు. తల వెనక పగిలి, జుట్టంతా నెత్తురు గడ్డకట్టి ఉండాది. కళ్ళు తెరిచే ఉన్నాయి. వేళ్ళ నిండా మట్టి. గోళ్ళు విరిగి ఉన్నాయి, నేలను గీకినట్టు.

"గోడ పిలిచింది" అన్నారెవరో, గొంతు తగ్గించి.

శవం ఇంటికొచ్చింది. హెన్రీ వచ్చినాడు. గుమ్మం బయటే కూలబడి ఏడ్చినాడు. పెద్దల్లో ఒకాయన పోలీసులకి చెప్పాల్సిందే అన్నాడు. హెన్రీ ఆయన కాళ్ళు పట్టుకున్నాడు.

"వద్దు మామా! కోసి ముక్కలు చేస్తారు మా బావని. గోడ ఎక్కబోయి రాళ్ళ మీద పడినట్టుండాడు... ఉన్నోణ్ణి ఉన్నట్టు మట్టిలో పెడదాం."

అందరికీ అదే మేలనిపించింది. ఆత్మకూరు నుంచి ఐస్‌పెట్టె తెప్పించినారు. జలదంకి నుంచి దయాసాగర్ అక్క రావాల. ఆమె వచ్చినాక మరుసటి రోజు సాయంత్రం మట్టి చెయ్యాలనుకున్నారు.

హెన్రీ ఒక్కడే పదిమంది పని చేసినాడు. షామియానా వేయించినాడు. గుంత తీసేవాళ్ళతో కలిసి గుంత తీసినాడు. పాస్టరుగారిని పిలుచుకొచ్చినాడు. ఎవరు చూసినా, "బామ్మర్దంటే ఇట్టుండాల" అనేవాళ్ళే.

సుజన మాత్రం ఒకటి గమనించింది. తమ్ముడు గడప దాటి లోపలికి రాలా. నీళ్ళిచ్చినా బయటే. పిలిచినా బయటే.

మరుసటి రోజు పొద్దున్నే గాలివాన లేచి కరెంటు పోయింది. మళ్ళీ రాలా. పెట్టెలో చల్లదనం తగ్గిపోతా ఉండాది. జలదంకి నుంచి అక్క రాగానే, ఇంక ఆలస్యం వద్దని పాస్టరుగారు ప్రార్థన ముగించినాడు. ఆఖరి చూపుకని పెట్టె మూత తీసినారు.

అప్పుడు దయాసాగర్ అమ్మ రెబెకమ్మ కోడలి చెయ్యి పట్టుకుంది.

"అమ్మీ... వాడి గొంతు నీ ఫోనులో ఉంటాది కదా. ఒక్కసారి వినిపించు. మట్టిలో పెట్టేలోపల నా బిడ్డ గొంతు వినాల."

సుజన గ్రూపు తెరిచింది. చివర ఉన్న మెసేజ్ మీద వేలు పెట్టింది. అందులో ఏముందో ఆమెకి తెలవదు. చావు రోజు మధ్యాన్నం పెట్టింది... తను వినకుండా వదిలేసింది.

చచ్చినోడి గొంతు, నవ్వతా మొదలైంది.

"ఈ రోజు వింత ఏందంటే... పాతకాలంలో ఐరోపా దేశాల్లో, ఎవరినన్నా చంపేస్తే, అనుమానం ఉన్నోణ్ణి శవం కాడికి తీసుకొచ్చేవాళ్ళంట. వాడి చేత శవాన్ని ముట్టించేవాళ్ళంట. చంపింది వాడే అయితే... శవం నుంచి మళ్ళీ నెత్తురు కారతాదంట! కోర్టులు కూడా దాన్ని సాక్ష్యంగా ఒప్పుకునేవంట. వికీపీడియాలో ఉండాది, లింకు పెట్టినా, చదువుకోండి. నిజంగా కారతాదా అంటే నాకు తెలవదు... రేయ్ హెన్రీ, నీకు నచ్చే కతరా ఇది. కోపం పోయిందా? పోకపోతే ఇంటికి రా. అక్క చేపల పులుసు పెడతాది."

గొంతు ఆగిపోయింది.

రెబెకమ్మ బావురుమనింది. మిగిలినోళ్ళు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. గుమ్మం బయట పూలదండ పట్టుకుని నిలబడిన హెన్రీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

మస్తానయ్యకి ఇవేమీ పట్టలా. తమ్ముణ్ణి ఎత్తాలనే ధ్యాసలో ఉన్నాడు.

"హెన్రీ, రారా. తలకాడ నువ్వే పట్టాల."

హెన్రీ కదల్లా.

"ఏందిరా? రా!"

"నేను... నేను పట్టలేను అన్నా..."

"నువ్వు కాక ఎవర్రా పట్టేది?" మస్తానయ్య విసుగ్గా పోయి, చెయ్యి పట్టి లోపలికి లాగినాడు. హెన్రీ గుమ్మం పట్టుకున్నాడు. దండ తెగి కింద పడింది. ఇద్దరు ముగ్గురు, దుఃఖంతో అట్టా చేస్తా ఉన్నాడేమోననుకుని, భుజాలు పట్టి ముందుకు నెట్టినారు. తూలి పెట్టె మీద పడినాడు. చెయ్యి పోయి దయాసాగర్ నుదుటి మీద ఆనింది.

ముందర సుజనే చూసింది.

దయాసాగర్ ముక్కులోంచి... నల్లగా, సన్నగా... ఒక చార. పెదవి దాటి గడ్డం మీదకి. దాని వెనకే ఇంకొకటి.

హెన్రీ వెయ్యి గొంతులతో అరిచినట్టు అరిచినాడు.

"ఆపు బావా! ఆపు! కావాలని కొట్టలేదు బావా!"

తర్వాత జరిగింది చెప్పేటప్పుడు సుజన నా మొహంలోకి చూళ్ళేదు. అద్దాల బీరువాలోని ఫోను కవర్ల వైపు చూస్తా చెప్పింది.

మస్తానయ్య మొదటి దెబ్బ పిడికిలితో కొట్టినాడు. పన్ను ఊడి పెట్టె అంచుకి తగిలి టక్కుమనింది. జుట్టు పట్టుకుని వాకిట్లోకి ఈడ్చుకుపోయినారు. షామియానా గుంజ పీకి ఒకడు కొట్టినాడు. కుర్చీలతో కొట్టినారు. కాళ్ళతో తొక్కినారు. గుంత తీసిన పార అక్కడే గోడకి ఆనించి ఉండాది... మస్తానయ్య దాన్ని అందుకుని మోకాలి మీద వేసినాడు. ఎముక విరిగిన శబ్దం వంటింటి దాకా వినబడింది. హెన్రీ "అక్కా... అక్కా..." అంటా మట్టిలో పాకతా ఉన్నాడు.

"ఆపండి అనేదానికి నాకు నోరు రాలేదన్నా" అనింది సుజన. "రెండో దెబ్బ, మూడో దెబ్బ... పడనీ అనుకున్నా. నేను పెంచిన బిడ్డ. నెత్తురు కక్కతా ఉంటే నిలబడి చూసినా."

మస్తానయ్య పార తల మీదకి ఎత్తినప్పుడు, పడింది హెన్రీ తల మీద కాదు. మధ్యలోకి ఒక మనిషి అడ్డంగా వచ్చి పడింది. రెబెకమ్మ! పార అంచు ఆ ముసలామె భుజాన్ని చీల్చింది.

"కొట్టరా. నన్ను కొట్టు ముందర" అనింది, హెన్రీ మీద బోర్లా పడుకుని. "నా ఇంట్లో ఒక్క శవం చాలు."

పార కింద పడింది. అందరూ ఆగిపోయినారు. సుజన అప్పుడు కదిలింది. పోయి తమ్ముడి తల ఒళ్ళో పెట్టుకుని... పోలీసులకి ఫోను చెయ్యమని చెప్పింది.

హెన్రీని ఆసుపత్రికి, అక్కడి నుంచి జైలుకి పట్టుకుపోయినారు. దయాసాగర్‌ని పోస్టుమార్టానికి తీసుకుపోయినారు.

ముక్కులోంచి నెత్తురు ఎందుకు కారిందో అక్కడి డాక్టరు సుజనకి విడమరిచి చెప్పినాడు. కరెంటు పోయి శవం వేడెక్కతా ఉండాది. లోపల గాలి ఉబ్బి, కదిలిస్తే చాలు, నెత్తురు బయటికి నెడతాది. ఎవరు ముట్టుకున్నా కారేదే.

"వింతేం లేదమ్మా ఇందులో" అన్నాడు. అని, కాయితాలు చూసుకుంటా అడిగినాడు. "నీళ్ళలో ఎంతసేపటికి దొరికినాడు?"

"నీళ్ళలో కాదు సార్. గోడ పక్కన, ఎండిన నేల మీద."

డాక్టరు తలెత్తినాడు.

"తల దెబ్బతో చావలేదమ్మా మీ ఆయన. ఆ దెబ్బకి కుట్లేస్తే బతికేవాడు. ఊపిరితిత్తుల నిండా నీళ్ళున్నాయి. బురద నీళ్ళు. నాచుతో సహా."

"నీళ్ళు అక్కడికి చాలా దూరం సార్. చొక్కా కూడా తడవలేదు."

ఆయన కాయితాలు మళ్ళీ మొదటి నుంచి తిరగేసినాడు.

హెన్రీని చూసేదానికి జైలుకి పోయింది సుజన. కాలికి కట్టుతో కుంటుకుంటా వచ్చి, కమ్మీల అవతల నిలబడినాడు. సుజనే ముందర అడిగింది.

"బావని నీళ్ళలో ముంచినావా?"

"లేదక్కా. రాయితో కొట్టినాను. కాదనను. ఒకటే దెబ్బ. పోలీసుల కాడికి పోతానంటే... కోపం ఆగలేదు. పడినాడు. నేను పరిగెత్తినాను." కట్టు కట్టిన కాలి వైపు చూసుకున్నాడు. "అప్పుడు బావ వెనక నుంచి అరిచినాడక్కా. తిట్టలా నన్ను. 'రేయ్ హెన్రీ, ఆగబాక, పరిగెత్తు! గట్టెక్కురా! నీళ్ళొస్తా ఉన్నాయి!' అని..."

"నీళ్ళా?"

"తిరిగి చూసినా. చుక్క నీళ్ళు లేవు. నేలంతా బీటలే." హెన్రీ కమ్మీలు గట్టిగా పట్టుకున్నాడు. "బావ మాత్రం... గొంతు దాకా మునిగినోడి మాదిరి మెడ పైకెత్తి, రెండు చేతులతో ఈదతా ఉన్నాడక్కా."