అంజన్న పాస్‌వర్డ్

2005. “అంజన్న లాగిన్ ఇంకా తీసేయలేదేం?” అడిగారు చీఫ్ విమలాదేవి.

“తీసేస్తే వాణ్ణి చంపించినోళ్లు దొరకరు మేడం. కొన్ని దినాలు ఉండనియ్యుండ్రి,” అన్నాడు ఏజెంట్ ఓదెలు.

అంజన్న అతని పార్ట్‌నర్. నెల కిందట ఒక విదేశీ ముఠా కాల్చి చంపింది, అతని పాస్‌వర్డ్ కూడా వాళ్ల చేతికి చిక్కింది. షూటర్ మొహం చూసింది అంజన్న భార్య రుక్మాబాయి ఒక్కతే. ఆమెను సంతోష్‌నగర్‌లో దాచారు. ఆ ఇంటి అడ్రసు, కెమెరాలు, వైర్‌లెస్ సమాచారం అన్నీ ఆఫీసు లోపలి వెబ్ పేజీల్లో ఉంటాయి. బయటి నుంచి వాటికి తలుపు ఒకటే, రివర్స్ ప్రాక్సీ. పాస్‌వర్డ్ చూసి ఎవరిని ఏ పేజీకి పంపాలో అదే తేలుస్తుంది. అంజన్న పేరుతో వచ్చేవాళ్లను ఎక్కడికి పంపాలో ఓదెలు దానికి కొత్తగా నేర్పాడు.

ముఠా కోడ్ మెసేజ్ దొరికింది. శుక్రవారం మధ్యాహ్నం, పాతబస్తీ, ఏదో ఒక నెట్ సెంటర్ నుంచి లాగిన్. ఓదెలుకు నవ్వొచ్చింది. జుమ్మా నమాజు వేళ అక్కడ షటర్లు దించేస్తారని విదేశంలో కూర్చున్న బాసుకేం తెలుసు? తెరిచి ఉండేది కృష్ణయ్య సెంటర్ ఒక్కటే.

ఓదెలు తెల్లగడ్డం అంటించుకుని మూల కేబిన్‌లో కూర్చున్నాడు. ఘుమఘుమలాడే సెంటుతో ఒక అందగత్తె వచ్చి నల్లకళ్లద్దాలు తీసింది. మైథిలి! బెజవాడ నుంచి బదిలీ మీద వచ్చి, ఆఫీసులో అతని పక్క సీట్లోనే కూర్చునే మనిషి. ఓదెలు ఒళ్లు మండిపోయింది. అక్కడికక్కడే పీక నులిమేయాలనిపించింది. పళ్లు బిగపట్టి ఆగాడు.

తన పేరు బయటపడకుండా ఆమె చచ్చిపోయినవాడి పాస్‌వర్డ్ కొట్టింది. అడ్రసు పేజీ తెరుచుకుంది. కాలనీ పేరు మాత్రమే తెలిసి అక్కడే కాచుకున్న షూటర్‌కు సెల్‌లో ఇంటి నంబరు చెప్పింది. కాసేపటికి ఫోన్‌లో తలుపు తట్టిన చప్పుడు, వెంటనే అరుపులు. ఓదెలు పెట్టిన దొంగ అడ్రసులో తలుపు తీసింది కమాండోలు.

లైన్ కట్ అయింది. ఏమైందో చూద్దామని మైథిలి కంగారుగా కెమెరా పేజీ నొక్కింది. తెర మీద ఒక ఆడమనిషి వీపు కనిపించింది. ఆ చీర తనదే, ఆ కుర్చీ తను కూర్చున్నదే. ఆ వెనక తెల్లగడ్డం మనిషి పిస్టల్ పట్టుకుని నిలబడ్డాడు.

“ఓదెలు గారూ,” వెనక్కి తిరిగి, గడ్డం చాటు మొహం గుర్తుపట్టింది. “ముఠా పేర్లన్నీ చెప్పేస్తాను. నన్ను ఆఫీసుకు తీసుకెళ్లండి.”

ఓదెలు తీరిగ్గా బేడీలు వేశాడు.

“ఆఫీసుకు తర్వాత పోదాం. మా రుక్మాబాయి వదినె ఎక్కడున్నదో తెలుసుకోవాలని గింత తిప్పలు పడితివి గద. పా, చూపిస్తా.”