జమ్మలమడుగులో తెలుగు ఆగిన రోజు

2009 ఏప్రిల్ 8, బుధవారం ఉదయం తొమ్మిదిన్నరకు జమ్మలమడుగులో ఒక పార్టీ ఆఫీసులోని కంప్యూటరు తెలుగు రాయడం మానేసింది. పోలింగుకు రెండు వారాలుంది.

ఆ కంప్యూటరు ముందు కూర్చునే అమ్మాయి పేరు నాగవేణి. బీకాం చదివింది. ఊరు పెద్దముడియం మండలం. పార్టీ నాయకుడు చెన్నకేశవ ఆమెకు మేనమామ.

చెన్నకేశవ మనుషులు చాలామంది కువైట్‌లో డ్రైవర్లుగా, మేస్త్రీలుగా పనిచేస్తున్నారు. వాళ్ల కోసం నాగవేణి ఒక బ్లాగు రాస్తుంది. ఎవరు పార్టీలో చేరారు, ఎవరి పొలంలో బోరు పడింది, సంతలో గొర్రెల ధర ఎంత, జాతర ఎప్పుడు. పోస్టు రోజూ పది గంటలకల్లా పడాలి. కువైట్ వాళ్లు పనికి పోయే ముందు చదువుకుని ఇళ్లకు ఫోన్ చేస్తారు. ఓటు ఎవరికి వేయాలో ఆ ఫోన్లలో చెబుతారు.

నాగవేణికి ఆ పని ఇష్టం. అది పోతే ఊరికి తిరిగి పోవాలి. ఊర్లో కంప్యూటరు లేదు.

ఆమె బస్టాండు ఎదురుగా ఉన్న నెట్ సెంటరుకు ఫోన్ చేసింది. గంగాధర్ ఎత్తాడు.

"హలో, నెట్ సెంటరా?"

"నా నంబరు సేవ్ చేసుకోని గూడా అట్లడుగుతారేంది మేడం?"

"సేవ్ చేసుకోలా. గుర్తుండాది, అంతే. బిన్నా రా, పది లోపల పోస్టు పడల్ల. తెలుగు పడడంలా."

"మరేం పడతాంది?"

"ఇంగ్లిషే. ఎట్ల కొడితే అట్ల."

"పొద్దున ఏమన్నా నొక్కినారా?"

నాగవేణి మౌస్ మీది నుంచి చెయ్యి తీసేసింది.

"నేనేం నొక్కలా," అంది నాగవేణి.

నెట్ సెంటరు నుంచి ఆఫీసుకు నడిస్తే పావుగంట. గంగాధర్ ఐదు నిమిషాల్లో వచ్చాడు.

గంగాధర్ తండ్రి గురప్పది అవతలి పార్టీ. చెన్నకేశవ పొలంలో గురప్ప గొర్రెలు పడిన తగాదాతో ఇద్దరికీ మాటలు పోయాయి. తర్వాత రెండు వైపులా కేసులు పడ్డాయి. గంగాధర్ మాత్రం రెండు పార్టీల కంప్యూటర్లూ బాగు చేస్తాడు. వైరస్‌కు పార్టీ లేదని అంటుంటాడు.

అతను కుర్చీలో కూర్చుని తెర చూశాడు. బ్రౌజర్ కొత్త వెర్షన్ పడి ఉంది. కింద ఒక మెసేజ్: మీ యాడ్-ఆన్ ఈ వెర్షన్‌తో పనిచేయదు, ఆపేశాం.

యాడ్-ఆన్ అంటే బ్రౌజర్‌కు తగిలించుకునే చిన్న ప్రోగ్రాం. నాగవేణి ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే తెలుగులో పడేలా చేసేది అదే. దాన్ని ఆ కంప్యూటరులో పెట్టింది గంగాధరే.

"కొత్త వెర్షన్ ఎవరేసినారు?"

"అదే ఏసుకుంది."

"అదే ఏసుకోదు మేడం. ఇప్పుడేయాల్నా, తర్వాతా అని అడుగుతాది. తర్వాత అని నొక్కమని చెప్పింటి గదా."

"రోజూ అడుగుతాంటే ఎన్నాళ్లని తర్వాత అంటారు? సంబంధం తెచ్చినోళ్లకు గూడా మూడోసారికి ఏదో ఒకటి చెప్పాల్సొస్తాది."

"సంబంధాలొస్తాండాయా?"

"పులివెందుల నుంచి ఒకటి. నువ్వు కంప్యూటరు చూడు."

అతను చూశాడు. యాడ్-ఆన్ తీసి మళ్లీ వేశాడు. అదే మెసేజ్ వచ్చింది.

"దీన్ని తయారుచేసినాయన కొత్త వెర్షన్‌కు సరిపోయేది ఇంకా చేయలా. ఆయప్ప యాడో ఉద్యోగం చేసుకుంటా, తీరిక దొరికినప్పుడు చేస్తాడు. ఫ్రీగా ఇచ్చినోన్ని గట్టిగా అడగలేం."

"అయితే పాతదే మళ్ల ఎయ్యి."

"సైట్లో కొత్తదే ఉండాది. పాత వెర్షన్ యాడా కనపడలా."

పది దాటింది. నాగవేణి ఆ రోజు వార్తలను ఇంగ్లిషు అక్షరాల్లోనే కొట్టి పోస్టు చేసింది. అర్థమైతే చాలనుకుంది.

పదకొండుకు కువైట్ నుంచి మొదటి ఫోన్ వచ్చింది.

"ఎవరు మాట్లాడేది?"

"నాగవేణిని అన్నా."

"నాగవేణివే అని ఏంది గ్యారంటీ?"

"అట్లడుగుతావేంది?"

"నాగవేణి ఎప్పుడూ ఇంగ్లిషులో రాయలా. ఈ పొద్దు రాసిందెవరు? ఆఫీసులో ఎవరు దూరినారు? నిజం చెప్పు పాపా, చెన్నకేశవన్నను ఏం చేసినారు?"

"మామ ఊర్ల మీద ప్రచారానికి పోయినాడన్నా. ఏం కాలా."

"మరి ఫోన్ కలవదే?"

"ఆడ సిగ్నల్ లేదు."

అవతల ఆ మనిషి పక్కవాళ్లతో "సిగ్నల్ లేదంటాండారప్పా" అనడం వినిపించింది. ఎవరో ఏడుస్తున్నారు.

నాగవేణి చెన్నకేశవ ఫోటో ఒకటి బ్లాగులో పెట్టింది. మళ్లీ ఫోన్ మోగింది.

"అది నిన్నటి చొక్కా," అన్నాడు ఆ మనిషి.

పన్నెండుకు కువైట్ ఫోన్లు ఊర్లలో మోగాయి. పన్నెండున్నరకు రెండు ట్రాక్టర్ల జనం ఆఫీసు ముందు దిగారు. మగవాళ్ల చేతుల్లో కట్టెలున్నాయి. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. ఒంటిగంటకు ఆ జనం మధ్యకు చెన్నకేశవ సుమో వచ్చి ఆగింది. ఆయన దిగాడు. యల్లమ్మ అనే ముసలామె ఆయన చెయ్యి పట్టి చూసింది.

"బతికే ఉండావా సామీ?"

"అన్నానికొచ్చినా. నీకెవరు చెప్పినారు?"

"నా మనవడు. కువైట్ నుంచి."

చెన్నకేశవ లోపలికి వచ్చాడు. వెనకాలే పదిమంది వచ్చారు.

"ఏందిది? ఎవుడు చేసినాడు?"

గంగాధర్ లేచి నిలబడ్డాడు. "అన్నా, బ్రౌజర్ అంటే లీడరు అనుకో. యాడ్-ఆన్ అంటే ఆయన ఎనకాల తిరిగే మనిషి. లీడరు రాత్రికి రాత్రి పార్టీ మారినాడు. మనిషికి చెప్పలా. పొద్దున్నే ఆయప్ప పాత కండువాతో గేటు కాడికి పోతే వాచ్‌మన్ లోపలికి పోనీలా. కొత్త వెర్షన్ బటన్ నొక్కంగానే అంతే జరిగింది."

చెన్నకేశవ ఆలోచించాడు. ఆయన రెండుసార్లు పార్టీ మారాడు.

"ఆ మనిషి గూడా కొత్త కండువా ఏసుకుంటే పోలా?"

"దర్జీ ఇంకా కుట్టలేదన్నా."

"అయితే లీడర్నే పాత పార్టీలోకి తోలుకోని రా."

"అదే చేయాల."

వెనక ఉన్నవాళ్లు తలలూపారు. వాళ్లకు అర్థమైంది.

"సరే. ఆ బటన్ నొక్కిందెవరు?" అని చెన్నకేశవ నాగవేణి వైపు తిరిగాడు. "నువ్వేనా? నువ్వే అయితే ఈ పొద్దే ఊరికి పో. ఆడపిల్లకు పార్టీ ఆఫీసులో పనేందని మీయమ్మ మొత్తుకుంటానే ఉండాది."

నాగవేణి నోరు తెరిచింది.

"నేనే నొక్కినా అన్నా," అన్నాడు గంగాధర్.

"వీడు గురప్ప కొడుకు గదా?" అని వెనక ఎవరో అన్నారు. ఇద్దరు ముందుకు వచ్చారు. చెన్నకేశవ చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఐదు లోపల తెలుగు పడల్ల. పడకపోతే ఈ పిల్ల ఊరికి పోతాది, నీ కొట్టు మూతపడతాది."

"ప్రొద్దుటూరులో షరీఫ్ అని ఉండాడన్నా. ఆయన కాడ పాత వెర్షన్ సీడీ ఉంటాది. పోయొస్తా."

"పోయి రాకపోతే? చాంద్ బాషా, సుమో తియ్యి. నాగవేణీ, నువ్వూ పో. సీడీలో ఇంకేమన్నా కలుపుతాడేమో కనిపెట్టుకోనుండు."

సుమో బస్టాండు ముందు నుంచి వెళ్లింది. గంగాధర్ అందులో ఉండటం టీ కొట్టు దగ్గర నలుగురు చూశారు.

సుమో ఊరు దాటింది. రోడ్డుకు రెండు వైపులా శనగ కోసిన నల్లరేగడి పొలాలు.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?" అంది.

"ఏంది?"

"నేను నొక్కింది నువ్వు నొక్కినానని. వాళ్లు చేతులు లేపింటే?"

"నువ్వు ఊరికి పోతే ఎట్ల మరి?"

"పోతే నీకేంది? నెలకొక రిపేరు తప్పుతాది."

"నెలకొకటా? పోయిన నెల్లో ఆరుసార్లు పిలిచినావు. నాలుగుసార్లు కంప్యూటరు బాగానే ఉండె."

నాగవేణి కిటికీ వైపు తిరిగింది. "ఒకసారి మౌస్ వైరు నేనే పీకినా."

"తెలుసు. దాన్ని మళ్ల తగిలించేదానికి నేను గంటసేపు తీసుకున్నా."

చాంద్ బాషా నవ్వి, దాన్ని దగ్గుగా మార్చాడు.

"నువ్వు పెద్దముడియం పోతే నేనుండలేను నాగవేణీ," అన్నాడు గంగాధర్.

"ముందు సీటుకు సరిగా వినపళ్లా," అన్నాడు చాంద్ బాషా. "కొంచెం గట్టిగా చెప్పప్పా."

"బాషా మామా, నువ్వు రోడ్డు చూడు," అంది నాగవేణి. తర్వాత గంగాధర్ వైపు చూసింది. "పులివెందుల వాళ్లకు మూడోసారి గూడా తర్వాతనే చెప్పినా. ఎందుకనుకున్నావు?"

"ఎందుకు?"

"కంప్యూటర్లు బాగుచేసేవాడివి, ఇంత గూడా తెలీదా?"

అతనికి తెలిసింది. ప్రొద్దుటూరు వచ్చేదాకా మళ్లీ అదే ప్రశ్న వేరే వేరే రకాలుగా అడిగాడు. ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది.

షరీఫ్‌కు ప్రొద్దుటూరులో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆయన ఏదీ అప్‌గ్రేడ్ చేయడు. స్కూటరు కూడా కొన్ననాటిదే.

"చెప్తానే ఉండా, బాగుండేదాన్ని కదిలియ్యొద్దురా అని," అంటూ సీడీల డబ్బా వెతికాడు. "ఈ పాపెవరు?"

"కస్టమర్."

"కస్టమర్లు ఇంత దగ్గర నిలబడతారా జమ్మలమడుగులో?"

సీడీ దొరికింది. "ఎయ్యంగానే అప్‌డేట్ అడగకుండా సెట్టింగు మార్చు. లేకుంటే రేపు పొద్దున మళ్ల అడుగుతాది, మళ్ల ఎవరో ఒకరు నొక్కుతారు," అన్నాడు షరీఫ్. నాగవేణి సీడీ తీసుకుంది.

ఈలోగా గురప్పకు ఫోన్ వచ్చింది. చెన్నకేశవ మనుషులు గంగాధర్‌ను సుమోలో ఎత్తుకుపోయారని చెప్పారు.

నాలుగుకు సుమో తిరిగి వచ్చేసరికి వీధికి ఒక పక్క చెన్నకేశవ జనం, ఒక పక్క గురప్ప తెచ్చిన జనం ఉన్నారు. మధ్యలో ఒక ఎస్సై, ముగ్గురు కానిస్టేబుళ్లు.

"నా కొడుకును యాడ పెట్టినావు?" అని గురప్ప అరుస్తున్నాడు.

"ప్రొద్దుటూరు పోయినాడని ఎన్నిసార్లు చెప్పల్ల?" అని చెన్నకేశవ ఎస్సైతో అన్నాడు. "నేను సచ్చినానని ఏడ్సేదానికొచ్చినోళ్లే ఇంగా పోలా. మళ్ల ఈయనొకడు!"

సుమో తలుపు తెరుచుకుంది. గంగాధర్ దిగాడు. నాగవేణి దిగింది.

"నాయనా, సీడీకి పోయింటి," అన్నాడు గంగాధర్.

"సీడీనా?" అన్నాడు గురప్ప.

జవాబు చెప్పడానికి ఎవరూ ఆగలేదు. ఇద్దరూ లోపలికి వెళ్లారు. జనం కిటికీల దగ్గర చేరారు. గంగాధర్ కొత్త వెర్షన్ తీసేసి పాతది వేశాడు. సెట్టింగు మార్చాడు. యాడ్-ఆన్ పెట్టాడు. లేచి కుర్చీ నాగవేణికి ఇచ్చాడు. ఆమె కొట్టింది. తెలుగు పడింది.

పడిందని కిటికీ దగ్గరవాళ్లు వెనకవాళ్లకు చెప్పారు. చెన్నకేశవ పోస్టును పైకి చదివించాడు. నాగవేణి చదివింది.

"చెన్నకేశవ మామ క్షేమంగా ఉన్నాడు. మధ్యాహ్నం ఇంట్లో భోంచేశాడు. కింది ఫోటోలో చొక్కా ఈ రోజుదే. గురప్ప గారి కొడుకు గంగాధర్ కూడా క్షేమం. పొద్దున ఇంగ్లిషు అక్షరాల్లో రాసింది నేనే. ఎవరూ కంగారు పడొద్దు. గొర్రెల ధర నిన్నటిదే."

పావుగంటలో కువైట్ నుంచి ఫోన్ వచ్చింది. ఇది నాగవేణి రాతేనని, ఇప్పుడు నమ్ముతున్నామని చెప్పారు. ట్రాక్టర్లు వెనక్కి తిరిగాయి. గురప్ప గుమ్మం అవతలే నిలబడి ఉన్నాడు.

నాగవేణి లేచింది. "మామా, పొద్దున బటన్ నొక్కింది నేను. గంగాధర్ కాదు."

"మరి వాడు నేనే అన్నాడే?"

"నన్ను ఊరికి పంపిస్తాంటివి గదా. అందుకు."

చెన్నకేశవ గంగాధర్‌ను చూశాడు. నాగవేణిని చూశాడు. చాంద్ బాషాను చూశాడు. చాంద్ బాషా పైకప్పు చూస్తున్నాడు.

"గురప్పా," అన్నాడు చెన్నకేశవ. తగాదా తర్వాత ఆయనతో మాట్లాడటం అదే మొదలు. "నీ కొడుకు మా పిల్ల కోసం నా ముందరే అబద్ధం చెప్పినాడు. నీకు తెలుసునా?"

"వానికి అబద్ధం చెప్పేది రాదు," అన్నాడు గురప్ప. "చిన్నప్పుడు బెల్లం దొంగతనం చేసి, మూతి తుడుచుకోకుండానే వచ్చేవాడు. ఈ పొద్దు చెప్పినాడంటే గట్టి కారణమే ఉంటాది."

"ఉండాది నాయనా," అన్నాడు గంగాధర్.

"నాగవేణీ, నువ్వు ఊరికి పోతావా?" అన్నాడు చెన్నకేశవ.

"పోను మామా. రేపు పది గంటలకు పోస్టు పడల్ల."

"అంతేనా? ఇంకేమన్నా ఉండాదా?"

"ఇంకొకటి గూడా ఉండాది," అంది నాగవేణి. గంగాధర్ వైపు చూడలేదు. చూడాల్సిన అవసరం లేకపోయింది. అందరూ అతన్నే చూస్తున్నారు.

"ముందు ఎలక్షన్లు కానీ," అన్నాడు చెన్నకేశవ. ఆ మాట ఎవరితో అన్నాడో చెప్పలేదు. గురప్ప తలూపాడు.

ఫలితాలు మే 16న వచ్చాయి. నాలుగు రోజుల తర్వాత గురప్ప, ఆయన భార్య పెద్దసుబ్బమ్మ పసుపు కుంకుమ, పూలు, పండ్లు తీసుకుని చెన్నకేశవ ఇంటికి వచ్చారు. చెన్నకేశవ ఎదురొచ్చి, వరండాలో కుర్చీ వేయించాడు.

గురప్ప కూర్చున్నాడు.