ఖాళీ బండికి సుంకం

"ఖాళీ బండికి సుంకమేంటండీ? అన్యాయం!"

వీబ్కె గొంతుకి లైబ్రరీలో పక్క బల్లలవాళ్ళు కూడా తలెత్తి చూశారు. బయట ల్యూనెబుర్గ్ ఊరంతా వాన పట్టు వదలకుండా కురుస్తోంది. లోపల గురువారం ఆటల సాయంత్రం. బల్ల మీద "ఉప్పుబాట" అట్ట పరిచి ఉంది. గని నుంచి ల్యూబెక్ దాకా ఊరూరికీ ఉప్పు బండ్లు తోలాలి, దారిలో సుంకాలు కట్టాలి, అదీ ఆట.

ఈ సాయంత్రాలు నడిపే బ్రోడర్సన్ గారు కళ్ళద్దాలు పెట్టుకుని నిబంధనల పుస్తకం తెరిచింది. రూల్స్ విషయంలో ఆవిడ కన్నతల్లిని కూడా క్షమించదు.

"నాలుగో పేజీ. పోయేటప్పుడూ కట్టాలి, వచ్చేటప్పుడూ కట్టాలి. బండి నిండుగా ఉన్నా, ఖాళీగా ఉన్నా. ఎక్కడ నేర్చుకున్నావమ్మా?"

"ఫోన్లో. అందులో ఖాళీ బండి ఫ్రీ."

"అయితే ఫోన్లో తప్పు!"

తప్పయినా వీబ్కెకి ఆ ఫోను ఆటే ఇష్టం. కళ్ళద్దాల షాపులో ఉద్యోగానికి హాంబుర్గ్ వెళ్ళే రైల్లో రోజూ అదే ఆడేది, ఎక్కువగా ఒకే మనిషితో. తనవి నీలి బండ్లు, అవతలివి పసుపు బండ్లు. మాట్లాడుకునే వీల్లేదు, నాలుగు బొమ్మలు మాత్రం పంపుకోవచ్చు. తను ఎత్తు ఆలస్యం చేస్తే చాలు, అటు నుంచి నత్త బొమ్మ వచ్చేది. ఆ మనిషి ఆడో మగో, ముసలో పడుచో తెలియదు. ఆ నత్త కోసమే ఆలస్యం చేసిన రోజులూ ఉన్నాయి.

అంతలో పాత కంపెనీ ఆటని కొత్త కంపెనీకి ఇచ్చేసింది. పాత యాప్ మూత, వాళ్ళిద్దరి ఆట సగంలోనే ఆగిపోయింది. కొత్తది మళ్ళీ కొనాలి, అదీ నెలనెలా. కొన్న గొడుగుకే వాన పడినప్పుడల్లా అద్దె కట్టమన్నట్టుంది! "ఒక్క సెంటు ఇస్తే ఒట్టు" అని అక్క ముందు శపథం చేసింది వీబ్కె. శపథం బాగానే ఉంది. కానీ పేరు తెలియని మనిషిని ఎక్కడని వెతుకుతుంది? ఆ బెంగ పట్టలేకే ఇవాళ ఇలా వచ్చింది.

తలుపు తోసుకుని తడిసిన జాకెట్టుతో ఒకతను వచ్చాడు.

"హెనింగ్, మళ్ళీ ఆలస్యం!" అంది బ్రోడర్సన్ గారు.

"సైకిల్ షాపు మూసి రావద్దా? పసుపు బండ్లు లేవా?"

"అవి నావి. ఎర్రవి తీసుకో."

అతను మొహం మాడ్చుకుని వీబ్కె ఎదురుగా కూర్చున్నాడు. ఆమె వంతు వచ్చింది. ఆలోచనలో పడింది.

"నత్తలు కూడా ఈపాటికి ల్యూబెక్ చేరుంటాయి," అన్నాడు.

వీబ్కె చెయ్యి ఆగింది. నత్త మాట ఎవరైనా అనొచ్చు. అయినా ఆటంతా అతని చేతుల్నే చూస్తూ కూర్చుంది.

అతని ఖాళీ బండి సుంకం గేటు దాటింది. చెయ్యి నాణేల వైపైనా పోలేదు.

"సుంకం!" అని అరిచింది బ్రోడర్సన్ గారు.

"అయ్యో, పాత యాప్ అలవాటు..."

"పసుపు బండివి నువ్వా?" అని అడిగింది వీబ్కె.

అతను ఆమె వంక చూసి, ఆమె ముందున్న నీలి బండ్ల వంక చూసి, చెవుల దాకా ఎర్రబడ్డాడు.

"నీలి బండివి నువ్వా! నీకోసమే కొత్త యాప్ కొన్నాను. దాంట్లో తప్పు దిద్దేశారు, పాతవాళ్ళూ కొత్తవాళ్ళూ అందరూ సుంకం కడుతున్నారు. నిన్నెలా పోల్చుకోను? నువ్వు కొనలేదా?"

"కొననని ఒట్టేశాను."

"ఓహో."

"నిన్న కొన్నాను. మా అక్కకి చెప్పావో చంపేస్తాను."

ఇద్దరూ పగలబడి నవ్వారు. అందరి బండ్లూ పక్కకి జరిపి, ఆగిపోయిన పాత ఆటని గుర్తున్నంత మేర మళ్ళీ పేర్చారు. బ్రోడర్సన్ గారు తన పసుపు బండ్లు అతనికి ఇచ్చేసింది.

"ఆగినప్పుడు వంతు నీది. ఏం వేసేవాడివి?" అంది వీబ్కె.

అతను ఉప్పు లేని బండిని నేరుగా ఆమె నీలి బండ్లున్న ఊళ్ళోకి తోలాడు.

"ఖాళీగానా? ఎందుకు?"

"ఊరికే. ఎవరుంటారో చూద్దామని." రెండు నాణేలు గేటు దగ్గర పెట్టాడు. "ఇది రావడానికి, ఇది పోవడానికి. ఈసారి రూలు ప్రకారమే."

వీబ్కె ఆ రెండో నాణెం తీసి అతని అరచేతిలో పెట్టింది. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"ఇది ఉంచుకో. ఎక్కడికీ పోనక్కర్లేదు."

బ్రోడర్సన్ గారు నాలుగో పేజీ తియ్యబోయి, పుస్తకం మూసేసింది.