నంబర్లు లేని గేర్ రాడ్

ఆ ఇంట్లో పొద్దున్నే మొదట వినపడేది మిక్సీ చప్పుడు. మెత్తగా చేస్తే తప్ప నాన్నకి ఇప్పుడు ఏదీ గొంతు దిగదు. అమ్మ మిక్సీ ఆపి, గిన్నెలోకి తీసి, చెంచా వేసి గట్టుమీద పెడుతుంది. కూతురు చిన్ని వచ్చి పట్టుకెళ్తుంది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోరు. నాన్న ఆస్పత్రి నుంచి వచ్చిన దగ్గర్నుంచి ఇదే వరస.

"కారు చూడ్డానికి పళ్ళ డాక్టరుగారు వస్తున్నారు," అంది అమ్మ గోడకి చెప్తున్నట్టు.

కొడుకు పెద్దోడి చేతిలో కాఫీ గ్లాసు ఆగిపోయింది. "ఇవాళా? ఆదివారం అన్నావుగా!"

"ఆయనకి ఇవాళ ఖాళీ దొరికింది. రమ్మన్నాను. నీ పర్మిషన్ కావాలా ఏం? వాకిట్లో ఆ దరిద్రాన్ని చూస్తూ ముద్ద మింగలేకపోతున్నాను. ఎవరు పట్టుకుపోయినా దండం పెట్టి పంపిస్తాను."

"దరిద్రం కారుది కాదుగా, తోలినదానిది. అనేయ్ అమ్మా, సగం మాట మింగడం ఎందుకు?" అంది చిన్ని గిన్నె అందుకుంటూ.

"అంటే మాత్రం లోపల పడుకున్న మనిషి లేచి కూచుంటాడా?"

పొద్దున్నే ఇవీ ఆ ఇంటి సుప్రభాతాలు.

నాన్న బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఎవరో తుక్కు కింద పడేసిన రెండు సీట్ల పాత స్పోర్ట్స్ కారుని తెచ్చి, లేతు మెషిన్ మీద పనిచేసే కొడుకుని పక్కన పెట్టుకుని, బోల్టు బోల్టుకీ మళ్ళీ ప్రాణం పోశాడు. కన్నబిడ్డల్ని కూడా అంత ముద్దు చేసుండడు. దాన్ని ఇంకొకరు ముట్టుకుంటే ఒప్పుకునేవాడు కాదు. చిన్ని ఒక బేకరీలో వ్యాన్ డ్రైవరు. సందుల్లో కూడా అద్దం గీసుకోకుండా బండి తిప్పే పిల్ల. అయినా సరే, తాళం అడిగితే నవ్వేసేవాడు. "రొట్టెల బండి తోలడం వేరు, దీన్ని తోలడం వేరమ్మా!"

అలాంటి మనిషి ఒక మధ్యాహ్నం భోజనం దగ్గరే పక్కకి ఒరిగిపోయాడు. మూతి వంకర పోయింది, మాట ముద్దయిపోయింది. పెద్దోడు పనిలో ఉన్నాడు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే ఆలస్యమవుతుందన్నారు. అమ్మా చిన్నీ కలిసి మనిషిని మోసుకెళ్ళి కార్లో కూర్చోబెట్టారు. అమ్మ పరిగెత్తి గేటు తీసింది. చిన్ని గేర్ వేసి క్లచ్ వదిలింది. కారు ముందుకి పోవాల్సింది కాస్తా వెనక్కి ఎగిరి, ప్రహరీ గోడని గుద్ది, చక్రం మురిక్కాలువలో దిగబడింది. ఎంత తంటాలు పడ్డా బయటికి రాలేదు. చివరికి అంబులెన్సే దిక్కయింది.

"కాస్త ముందు తెచ్చుంటే బాగుండేది," అన్నాడు డాక్టరు. ఆ ఒక్క మాట చాలింది. ఆస్పత్రి వరండాలో పదిమంది ముందు అమ్మ విరుచుకుపడింది. "ఊరందరికీ రొట్టెలు మోసే మొనగత్తెవి, కన్నతండ్రిని మాత్రం చేతులారా ముంచావు కదే!" కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం అంటారు. అమ్మ తీసుకుందామని కూడా చూడలేదు.

చిన్ని మళ్ళీ స్టీరింగ్ ముట్టుకోలేదు. అదే బేకరీలో ఇప్పుడు కవర్లలో రొట్టెలు సర్దుతోంది. ఇంట్లో ఆ రోజు మాట వస్తే చాలు, పెద్దోడు లేచి బయటికి వెళ్ళిపోయేవాడు. చెల్లెలంటే జాలి కాబోలు అనుకున్నారు అందరూ. జాలీ లేదు, పాడూ లేదు. అది తేలు కుట్టిన దొంగ బాధ.

పళ్ళ డాక్టరు హుషారైన మనిషి. కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వెనక సొట్టని తడిమాడు. "ఇదేం పెద్ద లెక్క కాదు లెండి, పన్ను పీకినంత తేలిక," అని తన జోకుకి తనే నవ్వుకున్నాడు.

"నేను స్టార్ట్ చేస్తానండీ, మీరు పక్కన కూర్చోండి," అంటూ పెద్దోడు ముందుకొచ్చాడు. అప్పటికే ఆయన డ్రైవరు సీట్లో సర్దుకున్నాడు.

"అబ్బ, ఈ గేర్ నాబ్ ఎంత నున్నగా ఉందండీ! చెక్కతో చేయించారా? రాడ్ కూడా భలే పొట్టిగా ఉందే!"

"సార్, ఒక్క నిమిషం, గేర్ వెయ్యకండి..."

ఇంజన్ చప్పుడులో ఆయనకి వినపడలేదు. గేర్ ముందుకి తోసి క్లచ్ వదిలాడు. కారు ఒక్క ఉదుటున వెనక్కి వచ్చింది. ఆయన కంగారుగా బ్రేకు తొక్కాడు. గోడకి జానెడు దూరంలో ఆగింది.

"ఇదేంటండీ, ఫస్ట్ వేస్తే వెనక్కొస్తోంది!" అన్నాడు తల బయటపెట్టి. "నాబ్ మీద నంబర్లయినా లేవు. ఎవరండీ ఇలా మార్పించింది? మనుషులు పోతారు!"

చిన్ని గుమ్మంలోనే ఉంది. చేతిలో నాన్న ఎంగిలి గిన్నె ఉంది. డాక్టరు ఆమె మొహం చూశాడు, పెద్దోడి మొహం చూశాడు. మళ్ళీ ఫోన్ చేస్తానని గొణిగి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు.

"ఎప్పుడు మార్చారు?" అంది చిన్ని.

పెద్దోడు గేటు మూయడానికి వెళ్ళబోయాడు.

"నిన్నే అన్నయ్యా. ఎప్పుడు మార్చారు?"

"నాన్న పడిపోవడానికి ముందు వారమే," అన్నాడు చివరికి. "పొట్టి రాడ్ పెట్టుకోవాలని నాన్న ముచ్చట. రేసు కారులా ఫస్ట్ గేరు కిందికి లాగితే పడాలన్నాడు. అడుగున లింకు తిరగేసి బిగించాను. దాంతో మామూలుగా ఫస్ట్ ఉండే వైపు ముందుకి తోస్తే రివర్స్ పడుతోంది. పొరపాటున పడకుండా ఇదివరకు ఒక రింగు ఉండేది. కొత్త నాబ్‌కి అడ్డం వస్తోందని తీసేశాం. నంబర్లు చెక్కనా అంటే, 'తోలేది మనిద్దరమేగా, మన చేతులకి తెలుసు చాల్లే' అన్నాడు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్దామనే ఆస్పత్రికి పరిగెత్తుకొచ్చాను. వచ్చేసరికి అమ్మ నిన్ను తిడుతోంది. నోరు పెగల్లేదు. రేపు చెప్దాం అనుకున్నా. రేపటికి ఇంకా భయమేసింది."

"తిట్లు ఎలాగూ దాని మీద పడిపోయాయి కదా, పోనీలే అనుకున్నావు."

"అవును," అన్నాడు తల దించుకుని.

"కళ్ళు మూస్తే ఆ గేరేరా నాకు! ముందుకే తోశానా, ఇంకెటైనా తోశానా అని. నా చేతిని నేనే నమ్మడం మానేశాను. పక్క గదిలో పడుకుని నువ్వు నా ఏడుపు విన్నావు. విని అటు తిరిగి పడుకున్నావు!" గిన్నె విసిరికొట్టింది. అది గోడకి తగిలి దొర్లింది.

అమ్మ కొడుకుని కొట్టబోయి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి తన నెత్తినే పడింది. "నేనెన్నేసి మాటలన్నానే నిన్ను!" అంటూ మెట్ల మీద కూలబడింది.

చిన్ని అటు చూడలేదు. గొంతు తగ్గించి అంది: "కారు ఎక్కాక నాన్న నా చేతిమీద చెయ్యి వేశాడు. మాట రావట్లేదు. మూలుగుతూ ఆ రాడ్ లాగుతూనే ఉన్నాడు. ప్రాణం మీదికొచ్చినా నా డ్రైవింగ్ మీద నమ్మకం లేదు, నా చేతిలోంచి లాక్కుంటున్నాడు అనుకున్నాను. విదిలించి కొట్టాను."

"ఎటు లాగాడు?" అన్నాడు పెద్దోడు.

"కిందికి."

పెద్దోడు రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. చిన్నికి అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. అర్థమయ్యాక లోపలికి పరిగెత్తింది.

నాన్న గదిలోకి వెళ్ళి మంచం పక్కన కింద కూర్చుంది. ఇన్నాళ్ళూ ఆయనకి మొహం పక్కకి తిప్పుకుని తినిపించింది. ఇప్పుడు సూటిగా చూసి అడిగింది. "నాన్నా, ఆ రోజు నువ్వు గేర్ చూపించావా నాకు?"

నాన్న కళ్ళలోంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తల కొంచెం కదిలింది. అవుననే.

"నువ్వు దారి చెప్తుంటే చెయ్యి కొట్టేశాను నాన్నా! కొట్టేశాను!" అంటూ ఆయన గుండెల మీద పడి ఏడ్చింది. ఆయన గొంతులోంచి ఏదో వచ్చింది. ఓదార్పో, క్షమాపణో, ఇక ఎవరూ చెప్పలేరు.

చాలాసేపటికి తలెత్తింది. గుమ్మం అవతల అమ్మ, అమ్మ వెనక పెద్దోడు ఉన్నారు. ఇద్దరికీ లోపలికొచ్చే మొహం లేదు.

"ఎన్ని తిట్టినా తిట్టు, పడతాను. నాతో ఒక్క మాట మాట్లాడవే," అన్నాడు పెద్దోడు.

"నీతో మాట్లాడ్డం నావల్ల కాదు. ఎప్పటికి అవుతుందో తెలీదు." మొహం తుడుచుకుని లేచింది. "నాన్నని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నేనొక్కదాన్నీ తిప్పలేను. నువ్వు భుజాల కింద పట్టుకో."

వాడు వచ్చి భుజాల కింద చేతులు పెట్టాడు. చిన్ని నడుము దగ్గర పట్టుకుంది. అమ్మ దిండు అందుకుంది.

"నెమ్మదిగా," అంది చిన్ని.