కొప్పులో దాగిన రాగితీగ

మణిగిరి రాజ్యానికి పట్టిన శని పేరు శబ్దభక్షి. గాలిలో సాగే మాటల్ని మింగి బతికే ఆ రాక్షసుడు సరిహద్దులోని మూడు కోటల వాళ్లనూ రాళ్లుగా మార్చేశాడు. మూడుగాలుల గుట్ట మీద నిలబడి "లేవండి" అన్న మాట మూడు కోటలకూ ఒకేసారి చేరవేస్తే శాపం తీరుతుంది. కానీ ఒక్కో కోట గాలి ఒక్కో పొడవున్న రాగి స్తంభానికే పలుకుతుంది. స్తంభాలు మోసుకెళ్లిన వీరులను రాక్షసుడు ఆమడ దూరం నుంచే కనిపెట్టి నమిలేశాడు.

రాళ్లయిన వాళ్లలో కంచరి వీధి నాంచారి తమ్ముడు ఈరన్న ఉన్నాడు. తల్లి లేని వాడిని ఆమే పెంచింది. తాను వెళతానంటే రాజు, మీసాలున్నవాళ్లకే దిక్కులేదు, నీ ముఖానికి అదొకటా అని ఈసడించాడు. నాంచారి ఆ మాట కొంగున ముడేసుకుని ముళ్లడవి దాటింది.

అడవి చివరి గుహలో జటాముని ఉన్నాడు. ఆయనకు మనిషి పొడ గిట్టదు. రాక్షసుడి కంటపడకుండా స్తంభాలు మోసేదెలా అని నాంచారి అడిగితే, పొమ్మని రాళ్లు విసిరాడు. నుదురు చిట్లినా ఆమె కదలకపోయేసరికి విసుక్కుంటూ నోరు విప్పాడు.

"గాలికి కావలసింది రాగి పొడవు. ఎత్తు కాదు. ఇక నా కళ్లెదుట ఉండకు."

పొడవును మడిస్తే సరి అనుకుంది నాంచారి. రోజూ వాకిట్లో వేసే మెలికల ముగ్గులా, ఇంటి నుంచి తెచ్చుకున్న రాగితీగను అరచేతిలో పట్టేంత చిన్నగా వంచింది. చెవికి ఆనిస్తే బుస తప్ప ఏమీ వినిపించలేదు. ముని వెక్కిరించాడు.

"ముగ్గులో గీత గీతను దాటొచ్చు. రాగి రాగిని తాకితే మాట అడ్డదారి పడుతుంది. నీ పొడవంతా దండగ."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. తీగ విప్పి, మళ్లలో నీటికాలువ తిరిగినట్టు, వరసకూ వరసకూ సందు వదిలి మళ్లీ వంచింది. ఒకే మొదలు నుంచి పొడుగుది, మధ్యది, పొట్టిది, మూడు కొమ్మలు తీసింది. ఈసారి మూడు గాలులూ మూడు శ్రుతుల్లో పలికాయి. దాన్ని కొప్పులో దోపి పైన పూలు చుట్టింది.

గుట్ట మీద శబ్దభక్షి ఆమె మూట చించాడు, చేతికర్ర విరిచాడు. స్తంభం లేదని తేలాక పగలబడి నవ్వాడు.

"ఉత్త చేతులతో వచ్చి ఏం చేస్తావే?"

"తల దువ్వుకుంటాను. కాసేపు ఆగు," అంటూ నాంచారి కొప్పు విప్పింది. రాగితీగను పెదవులకు ఆనించి "లేవండి" అంది.

మూడు కోటలూ ఒక్కసారే బదులు పలికాయి. ఆ మాటలన్నీ ఆబగా మింగబోయి రాక్షసుడు పొట్ట పగిలి చచ్చాడు. పీడ విరగడైంది.

తీగలో అన్నిటికంటే ముందు వినిపించింది ఈరన్న గొంతే.

"అక్కా, కాళ్లు తిమ్మిరెక్కాయే. అన్నం వండావా?"

నాంచారి అక్కడే కూలబడి ఏడ్చింది.

ఈసడించిన నోటితోనే రాజు ఆమెను మూడు కోటలకూ ఏలికగా ప్రకటించి పల్లకీ పంపాడు. పల్లకీ వాకిట్లో ఎదురుచూస్తూనే ఉంది. నాంచారి తమ్ముడికి కడుపునిండా అన్నం పెట్టి, ఆ తర్వాతే ఎక్కింది.