షాఫ్ట్ సీలులో గాలి

మార్చి పదకొండు. ఆ పొద్దున ఏజెంట్ స్పానరూ అతని బావమరిదీ చెరో ఉడికించిన గుడ్డూ తిని, ఒక బ్రెడ్డు ముక్కని సగం సగం చేసుకున్నారు. మధ్యాహ్నానికి బావమరిది లేడు. పదేళ్ల పాత షాఫ్ట్ సీలు చిరిగి పడవ నడిసముద్రంలో మునిగింది. సీలు మార్చాలంటూ స్పానర్ రాసిన మూడు మెమోలు మాత్రం చీఫ్ సొరుగులో పొడిగా, భద్రంగా ఉన్నాయి.

ఏడాది తర్వాత అదే చీఫ్ ముందు నిలబడితే స్పానర్‌కి ఒళ్లు మండిపోయింది.

"ఆపరేషన్ తెరచాప," అన్నాడు చీఫ్. "శత్రువు మనలో నాటిన నలభైమంది పేర్లు కోడ్‌లు విప్పే పెద్దావిడ తలలో ఉన్నాయి. కాగితం మీద ఒక్కటీ లేదు. ఆవిణ్ణి ప్రాణాలతో సరిహద్దు దాటించు. నీకో గాడ్జెట్ కూడా ఇస్తున్నా. సాయంత్రం ఆరున్నరకి ఇక్కణ్ణుంచే ఇంజన్ స్టార్ట్ చేసి, గేరు కూడా నేనే వేస్తా!"

"నాకు గాడ్జెట్లొద్దు. కొత్త సీలు కావాలి."

"చుక్కలు కారే పాతరకం చాలదా?"

"మామూలప్పుడైతే చాలు. చుక్కలు కారితే పంపుతో తోడాలి. ఆ చప్పుడు గస్తీవాళ్లు వింటారు. చుక్క కారని బెలోస్ రకం ఇప్పించండి. ఈసారి మెమో రాయను సార్, కాలరు పట్టుకుంటా."

సీలు గంటలో వచ్చింది.

షాఫ్ట్ పడవ అడుగునుంచి బయటికెళ్లే చోట నీళ్లు లోపలికి రాకుండా ఆపే రబ్బరు తిత్తి అది. యార్డులో పడవని పైకి లేపించి స్పానర్ తన చేత్తోనే బిగించాడు. నీళ్లలోకి దించగానే తిత్తి నొక్కి, లోపల చిక్కిన గాలంతా తీసేశాడు. తీయకపోతే రింగులు తడిలేక మాడిపోతాయి. ఆ తర్వాత లాండ్రీవాడి వేషంలో పెద్దావిణ్ణి తేవడానికి వెళ్లాడు.

సాయంత్రం ఆరూ ఇరవై ఏడుకి పెద్దావిణ్ణి వెంటబెట్టుకుని తిరిగొచ్చి పడవెక్కాడు. యార్డు మేనేజరు పడవ మీదే ఎదురుచూస్తోంది. నల్లకళ్లద్దాలు, ఎర్రటి లిప్‌స్టిక్, చూపు తిప్పుకోనివ్వని నవ్వు. రెండేళ్లుగా ఈ శత్రుగడ్డ మీద మన ఏజెంట్.

"గాలి ఎటు?" స్పానర్ కోడ్ మాట అడిగాడు.

"తూర్పుకి."

"పడవని ఎవరైనా ముట్టుకున్నారా?"

"అంగుళం కదల్లేదు అన్నయ్యా. కాపలా నేనే ఉన్నా."

బావమరిది పోయాక, ఇంజన్ స్టార్ట్ కాకముందు తిత్తి నొక్కి చూడటం స్పానర్‌కి అలవాటైంది. ఇంజన్ గదిలోకి దూరి నొక్కాడు. నీళ్లు చిమ్మాల్సిన చోట బుస్సుమని గాలి వచ్చింది.

పొద్దున్నే గాలి తీసిన సీలులోకి మళ్లీ గాలెలా వచ్చింది? పడవని మళ్లీ పైకి లేపితే తప్ప రాదు. ప్రొపెల్లర్‌ని ముట్టుకోవడానికి తప్ప ఇంకెందుకు లేపుతారు?

పైకొచ్చేసరికి ఆమె ఒడ్డు మీదికి కాలు వేయబోతోంది. చెయ్యి పట్టి లాగాడు.

"అంగుళం కదల్లేదా? ఏం కట్టారే ప్రొపెల్లర్‌కి?"

"వదులు! ఒక్క తిప్పు తిరిగితే పేలుతుంది! ఆరున్నరవుతోంది, వదులు!"

రేడియోలో చీఫ్ గొంతు హుషారుగా మొదలైంది. "పది... తొమ్మిది..."

"ఆపండి సార్!"

"ఆటోమేటిక్‌లో పెట్టేశానోయ్! ఎంజాయ్! ఆరు..."

తిట్టడానికి టైము లేదు. ఆమెనీ లాక్కుంటూ కిందికి దూకి, బ్యాటరీ వైరు ఊడబెరికాడు. స్టార్టర్ టక్కుమని ఒక్కసారి మూలిగి ఆగిపోయింది.

"నాయనా, ఇంక ఎలా వెళతాం?" పెద్దావిడ అడిగింది.

"ఇది తెరచాప పడవమ్మా. గాలి చాలు."

కానీ పడవ సాగితే నీటి ఒరవడికి ప్రొపెల్లర్ దానంతటదే తిరుగుతుంది. షాఫ్ట్‌కి పెద్ద పైపు రెంచ్ తగిలించి మేనేజరు చేతుల్లో పెట్టాడు.

"ఇది కదిలిందా, ముగ్గురం పోతాం. నీ ఇష్టం."

అవతలివైపు చీకట్లో, షాఫ్ట్ కదలకుండా పట్టే ఇనుప క్లాంపు కూడా బిగించాడు. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు.

చీకటి పడేసరికి సరిహద్దు దాటారు. అవతల బాంబు విప్పే మనవాళ్ల డైవర్లు తెల్లారితే గానీ రారు.

"ఆ పిల్లకి చలేస్తుందేమో," అంది పెద్దావిడ.

స్పానర్ పళ్లు నూరాడు. అయినా దుప్పటి తీసుకెళ్లి ఆమె భుజాల మీద కప్పాడు. లిప్‌స్టిక్ చెరిగింది, రెండు చేతులూ రెంచ్‌కి అతుక్కుపోయాయి.

"నిద్రొస్తే?" గుసగుసలాడింది.

"రాదులే," అని, చప్పుడు కాకుండా తలుపు మూశాడు.