నడుం దగ్గర ఇంకో మడత

పొద్దున్నే భర్త ప్యాంటును కుట్టుమిషన్ మీద పరిచి, నడుం దగ్గర ఇంకో మడత పెడుతోంది టైలరమ్మ. వీధిలో అందరూ ఆమెను అలాగే పిలుస్తారు. పాత కుట్టు పక్కన కొత్త కుట్టు వేస్తుంటే లోలోపల గర్వంగానే ఉంది. బస్సు నడిపిన రోజుల్లో స్టీరింగుకు పొట్ట ఆనే మనిషి, ఇప్పుడు రివటలా అయ్యాడు. షుగరూ అదుపులోకి వచ్చింది. మానందల్లా కాలి బొటనవేలి పుండు ఒక్కటే.

"మళ్ళీ బిగిస్తున్నావా? బెల్టుతో సరిపెట్టుకుంటాన్లేవే" అన్నాడు డ్రైవరు మంచం మీద నుంచి.

"బెల్టు పెడితే కుచ్చిళ్ళు పడతాయి. టైలరమ్మ మొగుడు అలా తిరిగితే నా పరువేం కావాలి?"

ఆయన నవ్వాడు. ఈమధ్య నవ్వినా ఆయాసమే.

లంఖణం పరమౌషధమని ఆమె నమ్మకం. అది ఊరికే రాలేదు. ఇదే జబ్బుతో ఆమె అన్నయ్య నోరు కట్టుకోలేక ముందు కాలు పోగొట్టుకున్నాడు, ఆనక తనే పోయాడు. ఆనాటి నుంచి భర్త కంచానికి ఆమె కాపలా కాస్తోంది. అన్నం తగ్గించింది, బాగానే ఉంది. ఎందుకైనా మంచిదని పప్పు, గుడ్డు, పాలు కూడా మాన్పించింది.

కుట్టు పూర్తిచేసి జేబు తిరగేసింది. గుడ్డు పెంకులు రాలాయి.

"ఏంటండీ ఇవి?"

డ్రైవరు గోడ వైపు చూశాడు. వంటింట్లోంచి కూతురు బయటికొచ్చింది.

"నేనే పెట్టానమ్మా. నిన్న నువ్వు గుండీలు కొనడానికి వెళ్ళినప్పుడు."

"కన్నతండ్రి కాలు తీయించాలని ఉందా నీకు?"

"ఆకలేస్తోందని చెప్పడానికి కూడా నాన్న భయపడుతున్నారు. నీకు జాలేయట్లేదా?"

"మా అన్నయ్య మీద అందరూ జాలే పడ్డారు. జాలిపడే పెట్టారు. చివరికేమైందో నేను చూశాను, నువ్వు చూళ్ళేదు."

"దాన్నేం అనకు. నేనే అడిగాను" అన్నాడు డ్రైవరు. అది అబద్ధమని ముగ్గురికీ తెలుసు.

ఆ రోజే ఆసుపత్రిలో కట్టు మార్చే రోజు. డాక్టరమ్మ పుండు చూసింది, రిపోర్టు చూసింది, తర్వాత ఆయన జబ్బ పట్టుకుని చూసింది. ఎముకే చేతికి తగిలింది.

"షుగర్ బాగుంది. కానీ రక్తంలో ప్రోటీన్ బాగా పడిపోయింది. ఒంట్లో సరుకు లేకపోతే పుండు ఎలా పూడుతుందమ్మా? ఎప్పటినుంచి ఇలా చిక్కిపోతున్నారు?"

టైలరమ్మకు జవాబు తెలుసు. నెలనెలా ఒక్కో మడత తన చేత్తోనే వేసింది. గుడ్డముక్క ఇవ్వకుండా చిరుగుకు మాసిక వేయమంటే ఏ దర్జీ వేస్తాడు? ఆ మాటే ఇన్నాళ్ళూ ఆమెకు తట్టలేదు.

"కడుపు మాడ్చింది నేనేనమ్మా" అంది మెల్లగా. "కాలు నిలుస్తుందా?"

"వేలు తీయక తప్పదు. కాలు నిలుపుకోవచ్చు, ఆయన ముందు బలం పుంజుకోవాలి. పప్పు, గుడ్డు, పాలు ఎంతెంత పెట్టాలో చెబుతాను. మందులు దానికి తగ్గట్టు నేను సర్దుతాను."

ఇంటికి రాగానే టైలరమ్మ గుడ్డు ఉడకబెట్టి, పెంకు తనే ఒలిచి, పప్పన్నంతో పాటు కంచంలో పెట్టింది. డ్రైవరు కంచం వైపు చూడలేదు, ఆమె మొహం వైపు చూశాడు.

"తినొచ్చా?"

బస్సు నిండా జనాన్ని కూర్చోబెట్టుకుని ధీమాగా తిప్పిన మనిషి, సొంత ఇంట్లో, సొంత కంచం ముందు అడిగిన మాట అది. ఆమెకు దుఃఖం ఆగలేదు. ఆయన పాదాల దగ్గర కూలబడి, కట్టుకు తగలకుండా మడమ పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఇంకెప్పుడూ నన్నలా అడక్కండి. అన్నయ్యలా పోతారని భయపడ్డాను. నా భయానికి మిమ్మల్ని పస్తు పెట్టాను."

"తెలుసులేవే. అందుకే అడగలేకపోయాను."

ఆయన తింటుంటే, ప్యాంటు ఒళ్ళో వేసుకుని కుట్లు ఒక్కొక్కటే విప్పసాగింది. విప్పినచోటల్లా సూది గుచ్చిన చుక్కలు వరసలు వరసలుగా కనబడుతున్నాయి.

"ఇప్పుడే ఎందుకు విప్పడం? జారిపోతుంది కదా" అన్నాడాయన.

"ఒళ్ళొచ్చేదాకా బెల్టు పెట్టుకోండి."

"మరి కుచ్చిళ్ళు?"

"పడనివ్వండి" అంది ఆమె, కళ్ళు తుడుచుకుంటూ.